సీ షిఫ్టు ఇంట్లో కుక్కపిల్ల

మూడు వారాలకోసారి గురునాథరావు ఇంట్లో పగలు రాత్రయ్యేది.

సీ షిఫ్టు అంటే రాత్రి పదింటికి ఉక్కు ప్లాంటులోకి వెళ్లి తెల్లవారాక బయటపడే డ్యూటీ. ఆ వారమంతా పడకగది కిటికీకి ముదురు దుప్పటి వేలాడేది. కాలింగ్ బెల్ వైరు ఊడదీసి ఉండేది. భార్య సీతాలు కుక్కరు జోలికి పోకుండా గిన్నెలో అన్నం వార్చేది. ఆరో తరగతి చదివే కూతురు నీలిమ ఇంట్లో ఉన్నంతసేపూ మునివేళ్ల మీద నడిచేది. పాలవాడు కూడా గేటు తియ్యకుండా పాకెట్లు గోడ మీద పెట్టి పోయేవాడు. ఆ క్వార్టర్ల వరుసలో ఎవరింట్లోనైనా ఇదే తంతు. ఫలానా ఆయనకి సీ షిఫ్టు అని తెలిస్తే పక్కింటివాళ్లు రోట్లో పచ్చడి నూరడం మానేసేవారు.

అలాంటి ఇంట్లోకి నీలిమ కుక్కపిల్లను తెచ్చింది.

తొంభై ఆరు వానాకాలం. కూర్మన్నపాలెం జంక్షన్లో టీకొట్టు వెనక తడుస్తూ దొరికిందట. అచ్చం మామిడితాండ్ర రంగు. ఇంటికి చేరేలోపే పేరు కూడా పెట్టేసింది. తాండ్ర.

"ఏటే అది?" అంది సీతాలు నడుం మీద చెయ్యి వేసుకుని.

"కుక్కపిల్లమ్మా."

"అది నాకూ కనపడతంది. మనింటికెలాగొచ్చిందంతన్నాను."

"రాలేదు. నేనే తెచ్చాను."

సీతాలు మొగుడి వైపు చూసింది. అదృష్టం కొద్దీ ఆ వారం అతనికి పొద్దుటి షిఫ్టు. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి ఉన్నాడు. కుక్కపిల్ల అతని కాలి బొటనవేలిని నాకింది.

"ఉండనీ," అన్నాడు గురునాథరావు. "కానీ ఒకటే మాట. నా నిద్దరకి అడ్డొచ్చిందా, తెచ్చిన కాడే ఒగ్గీసి వచ్చీత్తాను. తరవాత ఏడిసినా నాను ఇనను."

"అడ్డు రాదు నాన్నా. నువ్వే నేర్పించు. నీకు ఓపిక ఎక్కువ కదా."

ఆ మాట అతనికి నచ్చింది. నిజమే కూడా. అతను క్రేన్ ఆపరేటరు. తాడిచెట్టంత ఎత్తున కేబిన్లో కూర్చుని, కింద మనిషి చెయ్యి ఎటు ఊపితే అటు, అంగుళం అంగుళం బరువు దించేవాడు. తొందరపడేవాడికి ఆ సీటు ఇవ్వరు.

కుక్కపిల్లకీ అలాగే నేర్పాడు. అది హాల్లో తడి చేస్తే అరవలేదు, కొట్టలేదు. పాతగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనే తీసుకెళ్లి పెరట్లో జామచెట్టు కింద పరిచాడు. వాసన పట్టుకుని తాండ్ర అక్కడికే వెళ్లడం అలవాటు చేసుకుంది. చెప్పులు కొరికితే లాక్కోకుండా, కొబ్బరితాడు ముడివేసి దాని నోటికి అందించాడు. కాసేపటికి చెప్పు వదిలేసి తాడు పట్టుకుంది. అన్నం పళ్లెం ముందు కూర్చోవడం నేర్పడానికి ఎండునెత్తళ్లు తుంచి జేబులో వేసుకుని తిరిగాడు. అరచెయ్యి కిందికి చూపిస్తే కూర్చోవాలి. కూర్చుంటే ఒక ముక్క.

"అంగీ జేబు నిండా సేపల కంపు," అని విసుక్కుంది సీతాలు. "నీ సొక్కాలు నాను ఉతకను, నీ శిష్యురాలి సేత ఉతికించుకో."

పక్క క్వార్టరు శ్రీనివాసరావు గోడ మీంచి తొంగిచూసేవాడు. ప్లాంటులో అతనిదీ అదే విభాగం. క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేసేది అతనే.

"బావా, ఇంటిది నా మాట ఒక్కటీ ఇనదు. నీకు కుక్క కూడా ఇంతంది. ఓపాలి మా ఇంటికొచ్చి నేర్పరాదేటి?"

"నీ ఇంటిది ఎండునెత్తళ్లకి లొంగదు బావా. సందువా సేపలు తేవాల," అన్నాడు గురునాథరావు.

నీలిమ పడీపడీ నవ్వింది. ఇల్లంతా మోగేలా నవ్వే పిల్ల. 

అన్నీ నేర్చుకుంది తాండ్ర. ఒక్కటి తప్ప. అరవడం మానలేదు. కాకి వాలితే అరిచేది. గ్యాసు బండి వస్తే అరిచేది. ఏమీ రాకపోతే, ఏదీ రాలేదేమిటని అరిచేది. పసిది. గొంతు కొత్తగా దొరికింది.

అప్పుడు సీ షిఫ్టు వచ్చింది.

మొదటిరోజు గురునాథరావు మూడుసార్లు లేచాడు. రెండోరోజు తలగడ చెవుల మీద నొక్కుకుని పడుకున్నాడు. మూడోరోజు అసలు పడుకోనేలేదు. నీలిమ బడికి వెళ్లేముందు కుక్కపిల్ల చెవిలో బతిమాలి వెళ్లేది. సీతాలు దాన్ని పెరట్లో కట్టేస్తే, కట్టేశారని అరిచేది.

ఆ రాత్రి క్రేన్ కొక్కేనికి నిప్పుల బాన వేలాడుతోంది. కరిగిన ఉక్కు నింపే ఆ బానను లేడిల్ అంటారు. దాని వెలుగుకి షెడ్డంతా నారింజరంగు. గురునాథరావుకి ఒక్క క్షణం రెప్ప పడింది.

ఈల.

కళ్లు తెరిచేసరికి లేడిల్ ఆగవలసిన చోటు దాటి ముందుకు పోతోంది. కింద ఇద్దరు మనుషులు పరుగెడుతున్నారు. లీవరు వెనక్కి గుంజాడు. బాన ఊగింది. అంచు నుంచి నిప్పురవ్వలు రాలాయి. ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈల ఊదినవాడు శ్రీనివాసరావు. పరుగెత్తిన ఇద్దరిలో ఒకడూ అతనే.

షిఫ్టు దిగాక స్కూటర్ల స్టాండు దగ్గర శ్రీనివాసరావు అతని భుజం పట్టుకున్నాడు.

"తొంగున్నావేటి బావా?"

గురునాథరావు స్కూటరు తాళం కోసం జేబులు తడుముకున్నాడు.

"నాకిద్దరు గుంటపిల్లలున్నారు," అన్నాడు శ్రీనివాసరావు. ఎవరికీ చెప్పనని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి మంచం మీద వాలాడు గురునాథరావు. కళ్లు మూస్తే నిప్పుల బాన ఊగుతోంది. ఊగి ఊగి చివరికి మసకబారింది. సరిగ్గా అప్పుడే పెరటిగోడ మీద కాకి వాలింది. తాండ్ర మొదలుపెట్టింది.

అతను లేచిన తీరు చూసి సీతాలు పొయ్యి దగ్గరే ఆగిపోయింది.

"మావా, పసిది..."

ఆమెను దాటుకుంటూ వెళ్లాడు. పాత పంచెలోంచి పేలిక చించాడు. కుక్కపిల్ల మూతి రెండు చేతులా నొక్కిపట్టి, పేలిక గట్టిగా చుట్టి ముడివేశాడు. మెడ పట్టి ఎత్తి, బియ్యం బస్తాలుండే చీకటికొట్లో పడేసి గొళ్లెం పెట్టాడు. లోపల గోళ్లు తలుపును గీరాయి. కాసేపటికి ఆ చప్పుడూ ఆగింది.

ఆ రోజు సాయంత్రం దాకా చచ్చినట్టు నిద్రపోయాడు.

మందు దొరికిందనుకున్నాడు. మర్నాడు తాండ్ర నోరు తెరవగానే పేలిక, చీకటికొట్టు. ఆ మర్నాడూ అంతే. తర్వాత పేలిక చూపిస్తే చాలయ్యేది. ఇంకొన్నాళ్లకి చెయ్యి ఎత్తితే చాలు. దీపావళి నెల వచ్చేసరికి కాకి వచ్చి దాని పళ్లెంలో అన్నం తిన్నా తాండ్ర చూస్తూ కూర్చునేది.

క్వార్టర్లలో అతని పేరు మారుమోగింది. ఏ షిఫ్టు వాడు కనిపించినా అదే మాట. ఇద్దరు ముగ్గురు వచ్చి తమ కుక్కలకీ నేర్పమన్నారు. గురునాథరావు మీసం కింద నవ్వుకున్నాడు. నిద్ర బాగా పడుతోంది. క్రేన్ చెప్పినట్టు వింటోంది.

నీలిమ మాత్రం ఆ చీకటికొట్టు వైపు వెళ్లడం మానేసింది. బియ్యం తెమ్మంటే వాళ్లమ్మ వైపు చూసేది. చిన్నపిల్ల, మర్చిపోతుందిలే అనుకున్నాడు.

దీపావళి సాయంత్రం. వరుస వరుసంతా మతాబుల పొగ. ఎవరి పిల్లలో గేటు ముందే లక్ష్మీబాంబు పెట్టారు. అది పేలేసరికి వీధిలోని కుక్కలన్నీ గగ్గోలెత్తాయి. తాండ్ర నుంచి మాత్రం కుయ్యిమన్న శబ్దం లేదు. ఒళ్లంతా వణికింది. రెండో బాంబుకి నీలిమ చేతుల్లోంచి జారి, తెరిచిన గేటులోంచి ఒక్క పరుగున పొగలో కలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్లు బయల్దేరారు. గురునాథరావు సెలవు పెట్టాడు. పెట్టమని ఎవరూ అడగలేదు. సెక్టారంతా తిరిగారు. కమ్యూనిటీ హాలు వెనక చూశారు. షాపింగ్ సెంటరు దగ్గర చేపలమ్మే గంగాలమ్మని అడిగారు. రాత్రి ఒక కుక్కపిల్ల బయలు వైపు పరుగెత్తడం చూశానంది.

క్వార్టర్ల చివరి వరుస దాటితే ముళ్లపొదలు. టౌన్‌షిప్పు రాకముందు అక్కడో ఊరుండేది. ఇళ్లు పోయాయి, మొండిగోడలు మిగిలాయి. వాటి మధ్య గొంతు పగిలేలా పిలుస్తూ తిరిగారు. ఎండ నడినెత్తికెక్కాక గురునాథరావు ఒక రాతిగోడ మీద కూలబడి సిగరెట్ వెలిగించాడు. నీలిమ అతని పక్కనే నిలబడి ఇంకా పిలుస్తూనే ఉంది.

"తాండ్రా! ఓ తాండ్రా!"

ఇద్దరూ ఊపిరి బిగపట్టి విన్నారు. గాలి. ఎక్కడో మేక అరుపు. అంతే.

"ఇక్కడ లేదమ్మా," అన్నాడు సిగరెట్ ఆర్పుతూ. "ఉంతే పలికేది కదా."

నీలిమ తలతిప్పి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ చూపేమిటో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం పోతమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఆ బయల్లో మేకలు తిప్పుకునే మనిషి.

"కుక్కపిల్ల కోసం తిరుగుతన్నది మీరేనటేటి బాబూ? పూడిపోయిన పాతనూతిలో ఏదో పడున్నాది. బతికే ఉన్నాది. పాపం, మూగది లాగుంది. నాను తొంగి సూత్తే తోకాడించినాది గానీ నోరిప్పనేదు."

గురునాథరావు తాడు భుజాన వేసుకుని పరుగెత్తాడు. వెనకే నీలిమ, శ్రీనివాసరావు. పోతమ్మ చూపించిన చోటికి చేరేసరికి అతని కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

అదే రాతిగోడ. అవతలివైపంతా పొదలు కమ్మేసి ఉండడంతో అది నూతి చుట్టుగోడని నిన్న గమనించలేదు. రాతి మీద అతను నలిపి ఆర్పిన సిగరెట్ ముక్క ఇంకా ఉంది.

పొద తప్పించి తొంగిచూశాడు. రెండు నిలువుల లోతున, రాళ్లూ మట్టీ నిండిన అడుగున తాండ్ర. వెనకకాలు ఒకటి వంకరగా ఒంటి కింద నలిగి ఉంది. తలెత్తి చూసింది. తోక రాళ్ల మీద టపటపా కొట్టుకుంది. నోరు తెరిచింది. శబ్దం రాకముందే గబుక్కున మూసేసింది.

నిన్న కూడా ఇలాగే తెరిచి మూసి ఉంటుంది. అతను పైన కూర్చుని పొగ వదులుతున్నప్పుడు, నీలిమ గొంతు చించుకుంటున్నప్పుడు, అంత దగ్గర్లో.

శ్రీనివాసరావు పైన తాడు పట్టుకున్నాడు. గురునాథరావు దిగాడు. రాళ్ల మీద మోకాళ్లూని, ఎత్తుకుందామని రెండు చేతులూ ముందుకు చాచాడు. ఆ చేతులు ముఖం దగ్గరికి రాగానే తాండ్ర మూతిని మట్టిలోకి అదిమి, కళ్లు గట్టిగా మూసుకుంది.

పేలిక చుడతాడనుకుంది.

"బావా, ఏటయింది? బతికే ఉందా?" పైనుంచి కేక.

గురునాథరావు తాండ్ర ఒంటి కిందికి చేతులు పోనిచ్చి ఎత్తుకున్నాడు. దారి పొడుగునా అది అతని గుండెకి ఆనుకునే ఉంది. విరిగిన కాలు ఊగినప్పుడల్లా ఒళ్లు బిగుసుకునేది. ఒక్క మూలుగు లేదు.

గాజువాకలో పశువుల డాక్టరు కాలికి కట్టు కట్టాడు. ఆలస్యమైంది, కొంచెం కుంటుతుంది అన్నాడు. గురునాథరావు వెళ్లబోయి ఆగాడు.

"డాక్టర్ గారూ, గొంతు ఓసారి సూడండి. అరవడం లేదు."

డాక్టరు నోరు తెరిచి చూశాడు, గొంతు తడిమాడు. "గొంతుకేం లోపం లేదండీ. కాలు సరిచేసేటప్పుడు ఏ కుక్కయినా ఆస్పత్రి లేపేస్తుంది. ఇది కిక్కురుమనలేదు. దీన్నెవరైనా బాగా భయపెట్టారా?"

నీలిమ కిటికీలోంచి రోడ్డు మీది లారీలు చూస్తోంది.

"ఏమోనండి," అన్నాడు గురునాథరావు. "రోడ్డు మీద దొరికింది."

స్కూటరు మీద ఇల్లు చేరేదాకా నీలిమ తాండ్రని ఒళ్లోంచి దించలేదు. ఆ అబద్ధం మాట అప్పుడూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

మళ్లీ సీ షిఫ్టు వచ్చింది. ఈసారి గురునాథరావు నిద్ర సగానికి తగ్గించి, హాల్లో తాండ్ర ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. జేబు నిండా ఎండునెత్తళ్లు. అరిస్తే ముక్క. కానీ అరిస్తే కదా. పేలికని దాని కళ్లముందే పొయ్యిలో పడేశాడు. చీకటికొట్టు గొళ్లెం ఊడబీకి తలుపు బార్లా తెరిచిపెట్టాడు. చివరికి, ఎవరూ చూడటం లేదనుకుని, నాలుగు కాళ్ల మీద వంగాడు.

"భౌ!" అన్నాడు.

తాండ్ర చెవులు వెనక్కి వాల్చింది.

"భౌ! భౌ! అనవే. అను తల్లీ. నానేటీ అనను. భౌ!"

గోడ మీంచి శ్రీనివాసరావు గొంతు. "బావా, కుక్క మూగబోయింది సరే, నీకేటొచ్చింది? వీధిలోవోళ్లకి నిద్దరలేదు, నీకు సీ షిఫ్టు కాదేటి?"

ఇంకో రోజైతే గురునాథరావు దీటుగా ఏదో అనేవాడే. ఆ రోజు అలాగే వంగి ఉండిపోయాడు. శ్రీనివాసరావు నవ్వు సగంలో ఆపి, గోడ దిగి లోపలికి వెళ్లిపోయాడు.

తాండ్ర కుంటుతూ వచ్చి అతని చెయ్యి నాకింది. అరచెయ్యి కిందికి చూపకుండానే ఎదురుగా కూర్చుంది. ఏం చెయ్యమన్నా చేస్తుంది. అడిగినది తప్ప. కూర్చోవడం నేర్పడానికి వారం పట్టింది, నోరు మూయడానికి నెల పట్టింది. దీనికి ఎంతకాలం పట్టినా ఆగుతాననుకున్నాడు. చలికాలం పోయింది. శివరాత్రి పోయింది. అతని జేబులో చేపల కంపు పోలేదు.

తొంభై ఏడు వేసవి. బడులకి సెలవులు. ఆ రోజు పొద్దుటి షిఫ్టులో భద్రత క్లాసు పెట్టి, అయిపోగానే ముందుగా వదిలేశారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి స్కూటరులో పెట్రోలు అయిపోయింది. దిగి తోసుకుంటూ నడిచాడు.

తన వరుసలోకి తిరిగేసరికి కుక్క అరుపు వినిపించింది.

ఎవరి కుక్కోలే అనుకున్నాడు. సన్నని, కాస్త బొంగురు గొంతు. ఆగి ఆగి, సరదాగా, ఎవరినో రెచ్చగొడుతున్నట్టు. దగ్గరికొచ్చేకొద్దీ అతని అడుగులు నెమ్మదించాయి. అది తన గోడ లోపలి నుంచే.

"పట్టుకో! పట్టుకో! ఓడిపోయావ్, ఓడిపోయావ్!" నీలిమ కేకలు. ఆ వెంటే ఇల్లంతా మోగే నవ్వు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. వంటింట్లో కుక్కరు కూత వేసింది. రేడియోలో పాటలు. వాటి మీంచి సీతాలు, "ఓలమ్మో, నా సెవులు పోతన్నాయి, ఇద్దరూ ఎదవ గోల!" అని నవ్వుతూ తిడుతోంది. తాండ్ర ఆమె మీద కూడా అరిచింది.

గురునాథరావు ముఖం విప్పారింది. నేర్చుకుంది! స్కూటరును గోడకి ఆనించి, ఒక్క అంగలో గేటు తోశాడు.

గేటు కీచుమంది.

తాండ్ర నోటిలోని అరుపు సగంలో తెగిపోయింది. నీలిమ చేతిలోంచి కొబ్బరితాడు జారి కిందపడింది. తాండ్ర చెవులు వాలాయి. దానితోపాటే నీలిమ నవ్వు ఆగింది. పరుగెత్తుతున్న పిల్ల మునివేళ్ల మీద నిలబడిపోయింది. వంటింట్లోంచి తొంగిచూసిన సీతాలు వెనక్కి వెళ్లి రేడియో కట్టేసింది. కుక్కరు కింద మంట తగ్గిన చప్పుడు కూడా వినిపించింది.

ఇవాళ సీ షిఫ్టు కాదు. చప్పుడు చెయ్యొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

సీతాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కట్టు ఇప్పిన కాన్నుంచి. నువ్వు లేనప్పుడే. మలుపు కాడ నీ బండి సప్పుడు ఇనపడితే ఆపీత్తాది. ఇయాల బండి సప్పుడు లేదు."

"ఇన్నాళ్లూ కుక్కలాగ అరిసినాను నాను. ఒక్కపాలైనా సెప్పలేదేటి?"

సీతాలు కూతురి వైపు చూసింది. నీలిమ వంగి తాడు తీసి వేలికి చుట్టుకుంది.

"నేనే చెప్పొద్దన్నాను నాన్నా," అంది మెల్లగా. "నువ్వు వినాలని ఇంట్లోనే కూర్చుంటావు. అప్పుడది మాకు కూడా అరవదు."

కోపం లేదు ఆ గొంతులో. లెక్క తప్పు ఎక్కడుందో చూపించినట్టు చెప్పింది. అతను జేబులో చెయ్యి పెట్టాడు, నెత్తళ్ల ముక్క తీశాడు. తాండ్ర వచ్చి మర్యాదగా ఎదురుగా కూర్చుంది. ముక్క తిని, అతని చెయ్యి నాకి, చప్పుడు లేకుండా వెళ్లి మూలన పడుకుంది.

"రేడియో పెట్టు సీతాలూ," అన్నాడు.

పెట్టింది. చిన్నగా.

వర్షాలు మొదలైన ఒక మధ్యాహ్నం శ్రీనివాసరావు మార్కెట్ నుంచి సంచి మోసుకొస్తూ, మలుపు దాటాక రోడ్డుపక్క చప్టా మీద గురునాథరావును చూశాడు. మలుపుకి ముందే ఇంజిను ఆపి తోసుకొచ్చిన స్కూటరు పక్కన నిలబెట్టి ఉంది. షిఫ్టు దిగి చాలాసేపయి ఉండాలి. చొక్కా సన్నజల్లుకి తడిసింది.

"ఏటి బావా, బండి పాడైపోనాదేటి? తోయమంతావా?"

గురునాథరావు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. నాలుగిళ్ల అవతల కుక్క అరుస్తోంది. ఆ వెంటే పిల్ల నవ్వు.

శ్రీనివాసరావు సంచి కింద పెట్టి కాసేపు విన్నాడు.

"వాన పెద్దదవతంది బావా. ఇంటికెల్లవా?"

"ఎల్తాను," అన్నాడు గురునాథరావు. "కాసేపు ఆడుకోనీ."